మట్టిని చదివిన మహనీయుడు

తొలకరి జల్లులు పడగానే కృష్ణా డెల్టాలో నేల మేల్కొంటుంది. వేసవి ఎండలకు నెర్రెలు విచ్చిన గుడివాడ ప్రాంతపు నల్లరేగడి చేలు నీటిని పీల్చుకొని మెత్తబడతాయి. అరటితోటల్లోను, పెరటి పాదుల్లోను తెల్లవారేసరికి చిన్న చిన్న మట్టి ఉండలు కుప్పలుగా కనిపిస్తాయి. రాత్రివేళ వానపాములు నేలలో నుంచి పైకి తెచ్చి వదిలిన మట్టి అది. మచిలీపట్నం దగ్గర మంగినపూడి తీరంలో పీతలు బొరియలు తవ్వి, ఆ మట్టిని తమ గుమ్మాల ముందే పోస్తాయి. దివిసీమ అంచున నాగాయలంక, కోడూరు ప్రాంతాల మడ అడవుల్లో బురదనేల నిండా పీతల కన్నాలే. ఇక పొలంగట్లలో ఎలుకల కలుగుల సంగతి చెప్పనక్కరలేదు.

ఈ బొరియలు రైతుకు కొత్త కావు. పంటకాలువ గట్టుకు ఎలుకో, ఎండ్రకాయో కన్నం పెడితే మొదట నీరు సన్నని ధారగా కారుతుంది. దానినే బుంగ అంటారు. సకాలంలో పూడ్చకపోతే బుంగ పెద్దదై గండి పడుతుంది. వేలెడు వెడల్పు లేని కన్నం చివరకు చేలను ముంచుతుంది. అందువల్ల నేల తవ్వే ప్రాణి అనగానే రైతు మనసులో మొదట మెదిలేది నష్టమే. అయితే అటువంటి తవ్వకమే మరొకచోట నేలను గుల్లపరుస్తుందని, సారవంతం చేస్తుందని, కాలక్రమంలో భూమి రూపురేఖలనే మారుస్తుందని కొలిచి చూపిన శాస్త్రవేత్త ఒకడున్నాడు. ఆయనే చార్లెస్ డార్విన్. జీవపరిణామ సిద్ధాంతకర్తగా లోకమంతా ఎరిగిన ఆ మేధావి వానపాముల పరిశీలనను యౌవనంలో ప్రారంభించి వార్ధక్యంలో ముగించాడు. ఆ రెంటి నడుమ గడిచిన కాలం 44 సంవత్సరాలు.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ డార్విన్ పేరుపొందిన వైద్యుడు. తల్లి సుసానా ఆయనకు ఎనిమిదేళ్ల వయసులోనే మరణించింది. బాల్యంలో డార్విన్‌కు బడి చదువు మీద ఆసక్తి తక్కువ. గులకరాళ్లు, గవ్వలు, పురుగులు ఏరి దాచుకోవడం, ఏటి ఒడ్డున గాలం వేయడం, తోటల్లో తిరగడం ఆయనకు ఇష్టమైన పనులు. కుక్కల వెంట, ఎలుకల వెంట తిరిగే ఈ కుర్రవాడు కుటుంబానికి అప్రతిష్ఠ తెస్తాడేమోనని తండ్రి కలత చెందాడు.

తండ్రి కోరిక మేరకు 1825లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు చేరాడు. మత్తుమందు ఇంకా వాడుకలోకి రాని రోజులవి. రోగి స్పృహలో ఉండగానే శస్త్రచికిత్స చేసేవారు. ఆ దృశ్యాన్ని భరించలేక డార్విన్ వైద్యవిద్యకు స్వస్తి చెప్పాడు. తండ్రి ఆయనను మతాచార్యుని వృత్తికి తగిన పట్టం కోసం కేంబ్రిడ్జికి పంపాడు. అక్కడ వృక్షశాస్త్ర ఆచార్యుడు హెన్‌స్లో సాహచర్యం ఆయన జీవితానికి దారి చూపింది. చూసినదానిని చూసినట్లు రాసుకోవడం, తొందరపడి తీర్పు చెప్పకపోవడం అనే రెండు అలవాట్లు ఆ శిష్యరికంలో బలపడ్డాయి.

హెన్‌స్లో సిఫారసుతో డార్విన్‌కు బీగిల్ అనే నౌకలో ప్రయాణించే అవకాశం లభించింది. దక్షిణ అమెరికా తీరాలను సర్వే చేయడం ఆ నౌకకు అప్పగించిన పని. 1831 డిసెంబరు 27న బయలుదేరిన నౌక 1836 అక్టోబరు 2న తిరిగి ఇంగ్లండు చేరింది. బయలుదేరేనాటికి డార్విన్ వయసు 22 సంవత్సరాలు. ఆ ప్రయాణంలో ఆయన వెంట చార్లెస్ లయెల్ రాసిన భూగర్భశాస్త్ర గ్రంథం ఉన్నది. కొండలు, లోయలు ఒక్క మహాప్రళయంలో పుట్టినవి కావని, వాన, ఏరు, అల, భూకంపం వంటి నిత్యకారణాలే అనంతకాలం పనిచేసి వాటిని తీర్చాయని ఆ గ్రంథం వివరించింది. ఆ భావం డార్విన్ మనసులో గాఢంగా నాటుకున్నది.

1835 ఫిబ్రవరి 20న చిలీ దేశంలో భయంకరమైన భూకంపం వచ్చింది. కన్సెప్షన్ నగరం నేలమట్టమైంది. కొద్దిరోజుల తరువాత అక్కడికి చేరిన డార్విన్, సముద్రతీరం రెండు మూడు అడుగులు పైకి లేచి ఉండటం గమనించాడు. ఆండీస్ పర్వతాల మీద వేల అడుగుల ఎత్తున సముద్రపు గవ్వల శిలాజాలు కనిపించాయి. అడుగు చొప్పున లేస్తూ పోతే సముద్రగర్భం పర్వతమవుతుంది. అందుకు కావలసినది కాలం మాత్రమే. హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవులలో, అతి చిన్నవైన పగడపు జీవుల గూళ్లు పేరుకొని దీవులే ఏర్పడిన తీరును పరిశీలించాడు. చిన్న ప్రాణి పెద్ద భూభాగాన్ని నిర్మించగలదన్న నమ్మకం ఆయనకు అక్కడ దృఢపడింది.

నేల తవ్వే ప్రాణులను కూడా ఆయన ఆ యాత్రలోనే శ్రద్ధగా చూశాడు. ఉరుగ్వే దేశంలోని మాల్డొనాడో ప్రాంతంలో టుకుటుకో అనే చిన్న జంతువు నివసిస్తుంది. ఎలుక జాతికి దగ్గరిదైన ఆ జీవి బ్రతుకంతా దాదాపు భూమి లోపలే గడుస్తుంది. దాని అరుపు కాళ్లకింద నుంచి వినిపిస్తుందే గాని అది కంటపడదు. అవి సొరంగాలు తవ్విన నేలమీద నడిచే గుర్రాల గిట్టలు లోపలికి దిగబడేవి. అర్జెంటీనా గడ్డిమైదానాలలోని విస్కాచా అనే మరో జంతువు ఎముకలు, రాళ్లు, మట్టిగడ్డలు, ఎండుకాడలు ఏది దొరికినా తెచ్చి బొరియ ముందు పోగు చేసేది. చీకటిరాత్రి గుర్రంమీద పోతూ గడియారం జారవిడుచుకున్న ఒక పెద్దమనిషి, మరునాడు దారి పక్కనున్న విస్కాచా బొరియల ముందు వెతికి దానిని దక్కించుకున్నాడని డార్విన్ విన్నాడు. ఇటువంటి ముచ్చట్లను కూడా ఆయన వదలక తన పుస్తకంలో రాసుకున్నాడు.

స్వదేశానికి తిరిగివచ్చిన డార్విన్ 1837లో మేర్ అనే గ్రామంలో ఉన్న తన మేనమామ జోసయా వెడ్జ్‌వుడ్ ఇంటికి వెళ్లాడు. మేనమామ ఆయనను పచ్చికబీళ్లలోకి తీసుకుపోయి ఒక వింత చూపించాడు. కొన్ని సంవత్సరాల క్రితం ఆ బీళ్లమీద సున్నం, బొగ్గుకసువు చల్లారు. తరువాత వాటిని ఎవరూ దున్నలేదు, తవ్వలేదు. అయినా సున్నం గాని, కసువు గాని పైన కనిపించడం లేదు. గడ్డి కింద తవ్వి చూస్తే కొన్ని అంగుళాల లోతున ఒక పొరగా పరచుకొని ఉన్నాయి. వాటి పైన మెత్తని నల్లమట్టి పేరుకొన్నది. ఇది వానపాముల పని కావచ్చునని మేనమామ ఊహించాడు.

ఆ మాట వినినవారు మరొకరైతే నవ్వి ఊరుకొనేవారు. డార్విన్‌కు మాత్రం కీలింగ్ దీవుల పగడపు జీవులు గుర్తుకు వచ్చి ఉండాలి. ఆయన పలు బీళ్లను పరిశీలించి, 1837 నవంబరు 1న లండన్ భూగర్భశాస్త్ర సంఘంలో ఈ విషయంపై ఒక వ్యాసం చదివాడు. వానపాము కిందనున్న మట్టిని మింగి పైకి తెచ్చి విసర్జిస్తుంది. కింద ఖాళీ అయిన బొరియలు క్రమంగా కూలిపోతాయి. పైన మట్టి పేరుకొంటూ, కింద నేల కుంగుతూ ఉండటంచేత ఉపరితలం మీద ఉన్న వస్తువులు తమంత తామే లోపలికి పోతున్నట్లు కనిపిస్తాయి. ఇదీ ఆ వ్యాస సారాంశం. అప్పటికి ఆయన వయసు 28 సంవత్సరాలు.

1839 జనవరి 29న డార్విన్ తన మేనమామ కుమార్తె ఎమ్మాను వివాహమాడాడు. 1842లో ఆ దంపతులు లండన్‌కు సమీపంలోని డౌన్ గ్రామంలో ఒక ఇల్లు కొని అక్కడ స్థిరపడ్డారు. డార్విన్ జీవితంలో మిగిలిన 40 సంవత్సరాలు ఆ ఇంటనే గడిచాయి. వాంతులు, తలతిరుగుడు, నీరసం ఆయనను జీవితాంతం వేధించాయి. రోజుకు కొద్ది గంటలు మాత్రమే పనిచేయగలిగేవాడు. ఆ కొద్ది గంటలను వృథా చేయకపోవడమే ఆయన గొప్పతనం. ఇంటి వెనుక తోటలో ఒక బాట వేయించుకొని, నిత్యం దానిమీద నడుస్తూ ఆలోచించేవాడు.

డౌన్‌లో కాపురం పెట్టిన ఏడాదే, 1842 డిసెంబరులో, ఆయన ఒక ప్రయోగం ప్రారంభించాడు. ఇంటికి సమీపంలోని ఒక బీడులో కొంత భాగం మీద విరిగిన సుద్దముక్కలను పరిపించాడు. అవి ఎంత కాలానికి ఎంత లోతుకు పోతాయో చూడాలని ఆయన ఉద్దేశం. ఫలితం రావడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలియదు. అంతకాలం తాను జీవించి ఉంటాడో లేదో తెలియదు. అయినా తొందరపడి తవ్వించలేదు. ఆ దగ్గరలోనే మరొక బీడు ఉండేది. 1841లో చివరిసారి దున్నిన ఆ నేల నిండా చెకుముకి రాళ్లు. డార్విన్ కుమారులు చిన్నతనంలో ఆ వాలు మీద పరుగెత్తేటప్పుడు కాళ్లకింద రాళ్లు గలగలలాడేవి. ఈ రాళ్లన్నీ మట్టిలో మరుగుపడటాన్ని తాను చూస్తానా అన్న సందేహం ఆయనకు ఉండేది.

ఆ సంవత్సరాలలో ఆ ఇంట ఆనందంతోపాటు దుఃఖమూ ఉన్నది. పదిమంది సంతానంలో ముగ్గురు బాల్యంలోనే మరణించారు. 1851లో పదేళ్ల ముద్దుబిడ్డ ఆనీ చనిపోవడం తండ్రికి తీరని వేదనను మిగిల్చింది. మరోవైపు జీవజాతుల పుట్టుకను గురించిన మహాగ్రంథం కోసం ఆయన రెండు దశాబ్దాలపాటు ఆధారాలు సేకరించాడు. 1858లో ఆల్‌ఫ్రెడ్ వాలెస్ అనే శాస్త్రవేత్త దూరద్వీపాల నుంచి అదే భావాన్ని రాసి పంపగా, ఇద్దరి రచనలూ ఒకే సభలో చదవబడ్డాయి. 1859 నవంబరు 24న డార్విన్ గ్రంథం వెలువడింది. ప్రాణులలో కలిగే స్వల్పమైన మార్పులు తరతరాలుగా పోగుపడి కొత్త జాతులు ఏర్పడతాయన్నది దాని సారం. అది మతవర్గాలలోను, పండితులలోను పెద్ద దుమారం రేపింది. అంత చిన్న మార్పులు అంత పెద్ద ఫలితాన్ని ఎలా ఇస్తాయన్నది అప్పటి ప్రధానమైన ఆక్షేపణలలో ఒకటి.

వానపాముల విషయంలోనూ అదే ఆక్షేపణ ఎదురైంది. వానపాము బలహీనమైనది, అల్పమైనది, దానికి డార్విన్ అంటగట్టిన పని దాని శక్తికి మించినదని 1869లో ఫిష్ అనే తోటల నిపుణుడు ఒక పత్రికలో విమర్శించాడు. విమర్శ వానపాము మీదనే అయినా, దెబ్బ డార్విన్ జీవితకాల విశ్వాసానికి తగిలింది. అల్పకారణం నిరంతరం పనిచేస్తే మహాఫలితం కలుగుతుందన్న సూత్రం వానపాము దగ్గర ఓడిపోతే, పరిణామ సిద్ధాంతం దగ్గర మాత్రం ఎలా నిలుస్తుంది? ఆ ప్రశ్నకు వాదంతో గాక కొలతతో సమాధానం చెప్పాలని డార్విన్ భావించాడు.

1871 నవంబరు చివర, సుద్దముక్కలు పరచిన బీడులో ఆయన ఒక కందకం తవ్వించాడు. అప్పటికి 29 సంవత్సరాలు గడిచాయి. కందకం గోడలో ఏడంగుళాల లోతున సుద్దముక్కలు తెల్లని చారగా బయటపడ్డాయి. అంటే సగటున ఏడాదికి అంగుళంలో నాలుగోవంతు కన్న కొంచెం తక్కువ మందాన మట్టి పైకి చేరిందన్న మాట. రాళ్ల బీడు కూడా 30 ఏళ్లలో పూర్తిగా మారిపోయింది. ఒకప్పుడు పిల్లల కాళ్లకింద గలగలలాడిన ఆ నేలమీద గుర్రం ఒక కొస నుంచి మరొక కొసకు దౌడు తీసినా, గిట్టకు ఒక్క రాయి తగలదు. ఏ నాగలీ ఆ పని చేయలేదు.

ఆ తరువాత డార్విన్ వానపాములను కుండీలలో మట్టి నింపి తన గదిలోనే పెంచాడు. రాత్రివేళ దీపం వెలుగులో వాటి నడవడిని పరిశీలించేవాడు. వాటికి వినికిడి ఉన్నదేమో తెలుసుకోవడానికి ఇంటిల్లిపాదీ తోడ్పడ్డారు. మనుమడు ఈల ఊదాడు. కుమారుడు ఫ్రాన్సిస్ బసూన్ అనే వాద్యం వాయించాడు. ఎమ్మా పియానో మీటింది. వానపాములు చలించలేదు. కాని కుండీలను పియానో మీదనే ఉంచి మీటినప్పుడు అవి చటుక్కున బొరియలలోకి దూరిపోయాయి. శబ్దాన్ని వినలేకపోయినా నేల అదురును అవి గ్రహిస్తాయని తేలింది.

వానపాములు రాత్రిపూట ఆకులను లాగి బొరియ ద్వారాన్ని మూసుకొంటాయి. ఆకును ఏ కొసను పట్టి లాగుతాయి? డార్విన్ బొరియల నుంచి 227 ఎండుటాకులను తీసి చూశాడు. వాటిలో 181 ఆకులను మొన వైపున పట్టి లాగినట్లు తేలింది. సన్నని మొన ముందుగా పోతే ఆకు బొరియలో తేలికగా ఇముడుతుంది. తరువాత కాగితాన్ని త్రికోణపు ముక్కలుగా కత్తిరించి వాటికి కొవ్వు పూసి తోటలో ఉంచాడు. లోపలికి పోయిన 303 ముక్కలలో 62 శాతాన్ని వానపాములు కోసుగా ఉన్న మూలనే పట్టి లాగాయి. కళ్లు, చెవులు లేని ఆ జీవికి కూడా ఏదో ఒక మేరకు తెలివి ఉన్నదని ఆయన నిర్ణయించాడు.

వానపాము మట్టిని మింగినప్పుడు దాని కడుపులోని కండరపు సంచిలో ఇసుకరేణువుల రాపిడికి మట్టి మరింత మెత్తబడుతుంది. కుళ్లిన ఆకు మట్టితో కలుస్తుంది. ఆ మిశ్రమం ఉండలుగా బయటికి వస్తుంది. బొరియలగుండా గాలి, నీరు లోపలికి చేరుతాయి. మొక్కల వేళ్లు ఆ దారులనే పట్టుకొని కిందికి దిగుతాయి. ఇంగ్లండులో చదరపు గజం చొప్పున గుర్తించిన నేలలమీద ఏడాదిపాటు ఈ ఉండలను ఏరించి, ఎండబెట్టించి, తూచిన లెక్కలను డార్విన్ సేకరించాడు. అనేక ప్రాంతాలలో ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టి వానపాముల శరీరాలగుండా పైకి వస్తున్నదని ఆయన అంచనా కట్టాడు.

ఆ పని ఒక్క దేశానికే పరిమితమైనది కాదని చూపడానికి ఆయన లోకమంతటా ఉన్న మిత్రులకు లేఖలు రాశాడు. భారతదేశం నుంచి కూడా ఆయనకు సమాధానాలు వచ్చాయి. కలకత్తా వృక్షోద్యానంలో పనిచేసిన జాన్ స్కాట్ అక్కడి వానపాముల వివరాలు రాశాడు. ఆ ఉద్యానపు అధికారి డాక్టర్ కింగ్ నీలగిరి కొండలమీది వానపాముల మట్టిని గూర్చి తెలిపాడు. అక్కడి ఉండలు ఇంగ్లండులోని వాటికన్న ఎంతో పెద్దవి, బరువైనవి. వాలు నేలల మీద అటువంటి ఉండలను వాన కరగించి కిందికి జార్చుతుంది. ఆ మట్టి వాగులో కలుస్తుంది, వాగు నదిలో కలుస్తుంది. కొండను అరగదీసి మైదానాన్ని పెంచే మహాకార్యంలో వానపాముకు కూడా భాగమున్నదని డార్విన్ గుర్తించాడు. పడమటి కనుమలలో పుట్టి హంసలదీవి దగ్గర సాగరంలో కలిసే కృష్ణానది మోసుకువచ్చిన ఒండ్రులోనూ అటువంటి రేణువులు ఉండి ఉండవచ్చు.

1877లో, 68 ఏళ్ల వయసులో, అనారోగ్యాన్ని లెక్కచేయక డార్విన్ స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన శిలావలయాన్ని చూడబోయాడు. పడిపోయిన పెద్దరాళ్ల అంచులను తవ్వించి, అవి ఎంత కుంగాయో కొలిచాడు. అక్కడ వానపాముల పని ఆయన ఆశించినంతగా లేదు. లేనిదానిని లేదనే రాశాడు. అదే సంవత్సరం ఆబింజర్ గ్రామంలో బయటపడిన రోమనుల కాలపు భవన శిథిలాలను పరిశీలించాడు. పదిహేను శతాబ్దాల నాటి ఆ గచ్చు పగుళ్లగుండా వానపాములు ఇంకా మట్టిని పైకి తెస్తూనే ఉన్నాయి. ప్రాచీన కట్టడాలను మట్టితో కప్పి, భావితరాల కోసం పదిలపరచిన ఘనత కొంత ఈ ప్రాణులకు దక్కుతుందని ఆయన గ్రహించాడు. దివిసీమ దాపున ఘంటసాలలో ప్రాచీన బౌద్ధస్తూప శిథిలాలు మట్టిదిబ్బ నుంచే వెలుగులోకి వచ్చాయి. ఒండ్రు, శిథిలాల మట్టి, గాలిదుమ్ము వంటి కారణాలు అనేకం ఉండే ఇటువంటి చోట్ల ఒక్క వానపామునే కారణంగా చెప్పలేము. ఏ కారణం ఎంత పని చేసిందో కొలిచి చూడాలన్నదే డార్విన్ నేర్పిన పద్ధతి.

ఆ కొలత కోసం ఆయన కుమారుడు హోరేస్ ఒక పరికరాన్ని రూపొందించాడు. నడుమ రంధ్రమున్న గుండ్రని రాయిని డౌన్ ఇంటి పచ్చికలో ఉంచి, కదలని లోహపు కడ్డీలను నేలలోకి లోతుగా దించాడు. కడ్డీతో పోల్చి, రాయి ఏటా ఎంత కుంగుతున్నదో మిల్లీమీటర్లలో లెక్కించేవారు. తండ్రి గతించిన తరువాత కూడా కుమారుడు ఆ కొలతలను కొనసాగించాడు.

1881 నాటికి డార్విన్ ఆరోగ్యం బాగా క్షీణించింది. ఆ ఏడాది ఆగస్టులో ప్రియమైన అన్న ఎరాస్మస్ కన్నుమూశాడు. తన రోజులు కూడా దగ్గరపడ్డాయని డార్విన్‌కు తెలుసు. తాను ఆ మట్టిలో కలిసేలోగా, ఆ మట్టిని కలిపే ప్రాణిని గురించి చెప్పవలసినదంతా చెప్పివేయాలని ఆయన తొందర. జీవితమంతా తొందరపడని మనిషి పడిన తొందర అది. 1881 అక్టోబరులో వానపాముల మీద ఆయన చివరి గ్రంథం వెలువడింది. ఇటువంటి అల్పవిషయాన్ని ఎవరు చదువుతారని ఆయనే సందేహించాడు. కాని కొద్ది వారాలలోనే వేల ప్రతులు అమ్ముడుపోయాయి. తోటమాలులు, రైతులు, సామాన్య పాఠకులు తమ అనుభవాలను రాసి పంపారు. ఫిష్ విమర్శకు ఆ గ్రంథంలోనే సమాధానం ఉన్నది. నిరంతరం జరిగే పని ఫలితాలను కూడి చూడలేకపోవడమే విజ్ఞానానికి అడ్డు నిలిచిన పెద్ద పొరపాటని ఆయన వివరించాడు.

1882 ఏప్రిల్ 19న డార్విన్ డౌన్ గ్రామంలో పరమపదించాడు. ఏప్రిల్ 26న ఆయన భౌతికకాయాన్ని లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబేలో, న్యూటన్ సమాధికి సమీపాన ఉంచారు.

ఆయన వేసిన బాటలో శాస్త్రం ఎంతో ముందుకు సాగింది. తామున్న చోటును తామే మార్చివేసే ఇటువంటి ప్రాణులను ఆవరణ వ్యవస్థల నిర్మాతలుగా శాస్త్రజ్ఞులు గుర్తించారు. అన్ని తవ్వకాలూ అన్నిచోట్లా మేలు చేయవని కూడా తెలిసింది. ఉత్తర అమెరికాలో వానపాములు లేని అడవులలోకి ఐరోపా వానపాములు చేరినప్పుడు, అవి రాలిన ఆకుల పొరను తినివేసి అక్కడి మొక్కలకు హాని కలిగించాయి. నెలల తరబడి నీరు నిలిచే డెల్టా వరిమళ్లలో గాలి చాలక చాలా రకాల వానపాములు మనలేవు. మెరక తోటలు, గట్లు వాటికి నెలవులు. వానపాముల ఎరువు తయారీలో వాడే రకాలు చెత్తలో, నేల పైపొరలో బ్రతుకుతాయి. లోతుగా బొరియలు తవ్వే రకాలు వేరు.

దివిసీమ మడ అడవులలో వానపాము చేసే పనిని ఎక్కువగా పీతలు నెరవేరుస్తాయి. అవి కూడా రాలిన ఆకులను బొరియలలోకి లాక్కుపోతాయి. గాలి ఆడని ఆ బురదలోకి బొరియలగుండా గాలి, పోటునీరు చేరుతాయి. అది మడచెట్ల వేళ్లకు మేలు చేస్తుంది. 1977 నవంబరు 19న విరుచుకుపడిన ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. తీరం వెంట మడ అడవులు దట్టంగా ఉంటే అలల తాకిడి కొంత తగ్గుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. కాలువగట్టుకు కన్నం పెట్టి రైతుకు కన్నీరు తెప్పించే పీత జాతే, మడనేలలో కన్నం పెట్టి తీరానికి కాపుగా నిలిచే చెట్టుకు ఊపిరి పోస్తున్నది. మంచిచెడ్డలు బొరియలో లేవు, అది ఉన్న చోటులో ఉన్నాయి. ఆ చోటును ఎరిగి మెలగడమే మనిషి చేయవలసిన పని.

రాజ్యాలు గెలిచినవారిని, కోటలు కట్టినవారిని చరిత్ర ఘనంగా తలచుకొంటుంది. పాదం కింద పడి నలిగిపోయే ప్రాణి శ్రమను 44 సంవత్సరాలు ఓర్పుతో లెక్కకట్టిన డార్విన్ జీవితం మరొక రకమైన ఘనతకు నిదర్శనం. తొలకరి మరునాడు అరటిపాదులో కనిపించే మట్టి ఉండ చిటికెడంతే ఉంటుంది. దానిని దాటిపోవడం తేలిక. దాని ముందు ఆగి, ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఏడాదికి ఎంత వస్తుంది అని లెక్క వేసుకొన్నవాడికి మాత్రం కాళ్లకింది నేల తన కథను తానే చెబుతుంది.